కాలరుకు అంటించిన టేపు ముక్క

2017 ఏప్రిల్ 8న న్యూజీలాండ్‌లోని డునెడిన్ నగరంలో రగ్బీ మ్యాచ్ జరుగుతోంది. ఆక్లాండ్‌కు చెందిన బ్లూస్ జట్టు తరఫున ఓ ఆటగాడు సబ్‌స్టిట్యూట్‌గా మైదానంలోకి దిగాడు. అంతకు ఎనిమిది నెలల ముందు రియో ఒలింపిక్స్‌లో, తొలి మ్యాచ్‌లోనే మడమ నరం తెగి కూలబడిన మనిషి అతను. ఇన్నాళ్ల చికిత్స తర్వాత మళ్లీ ఆడుతున్నాడు కనుక అందరి కళ్లూ అతని కాలి మీదే ఉన్నాయి. కానీ కెమెరాలు పట్టుకున్నది కాలిని కాదు, కాలరును. మిగతా ఆటగాళ్లందరి కాలర్ల మీద బ్యాంక్ ఆఫ్ న్యూజీలాండ్ పేరు స్పష్టంగా కనిపిస్తుండగా, ఇతని కాలరు మీద మాత్రం ఆ పేరుకు టేపు అంటించి ఉంది.

అతని పేరు సన్నీ బిల్ విలియమ్స్. బ్యాంకులు వడ్డీ వ్యాపారం చేస్తాయి, ఇస్లాంలో వడ్డీ హరామ్, కాబట్టి దాని ప్రచారాన్ని తన ఒంటి మీద మోయలేడు. అతని అభ్యంతరం అంతే. మర్నాడు పత్రికలన్నీ అదే మాట్లాడాయి.

క్రికెట్ అభిమానులైన మన పాఠకులకు దక్షిణాఫ్రికా బ్యాట్స్‌మన్ హాషిం ఆమ్లా గుర్తుండే ఉంటాడు. బీరు కంపెనీ గుర్తు లేని చొక్కాతోనే అతను తన దేశానికి ఆడాడు. ఆమ్లా పుట్టుకతో ముస్లిం, నెమ్మదస్తుడు, వివాదాల జోలికి పోని మనిషి. విలియమ్స్ దారి వేరు. 2008లో ఇదే విలియమ్స్ ఒక ఒప్పందాన్ని మధ్యలో తెంచుకుని, జట్టుకు మాటమాత్రమైనా చెప్పకుండా విమానమెక్కి వెళ్లిపోయాడు. డబ్బు కోసం అమ్ముడుపోయాడని ఆస్ట్రేలియా అభిమానులు 'మనీ బిల్' అని పేరు పెట్టారు. అలాంటివాడు డబ్బిచ్చే సంస్థ పేరుకే టేపు వేశాడంటే నమ్మడం చాలామందికి కష్టమైంది. ఆ కష్టం అర్థం చేసుకోవాలంటే అతని కథ మొదటినుంచీ తెలియాలి.

1985 ఆగస్టు 3న ఆక్లాండ్‌లో పుట్టాడు. తండ్రి జాన్ సమోవా సంతతి, తల్లి లీ శ్వేతజాతి న్యూజీలాండర్. అన్న, కవల చెల్లెళ్లు, ప్రభుత్వం పేదలకు అద్దెకిచ్చే ఇల్లు. డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవులు 1914 నుంచి 1962 దాకా న్యూజీలాండ్ పాలనలో ఉండేవి. ఆ తర్వాత కర్మాగారాల్లో పనివారి కోసం ఆ దేశమే ద్వీపవాసులను రమ్మని పిలిచింది. పని తగ్గగానే, 1970లలో, వీసా గడువు దాటినవారి కోసమంటూ తెల్లవారుజామున పోలీసులను ఇళ్ల మీదకు పంపింది. ఆ దాడులకు ప్రధాని జసిండా ఆర్డెర్న్ 2021లో క్షమాపణ చెప్పారు. సమోవా కుటుంబాల పిల్లలకు పేరూ, నాలుగు రూకలూ తెచ్చిపెట్టే తోవల్లో ముఖ్యమైనది రగ్బీ. విలియమ్స్ తండ్రి కూడా ఆటగాడే.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. సమోవన్లు గాఢమైన క్రైస్తవులు. ఆదివారం చర్చికి పోని ఇల్లు ఆ దీవుల్లో అరుదు. 1830లో అక్కడికి క్రైస్తవాన్ని తీసుకెళ్లిన మిషనరీ పేరు జాన్ విలియమ్స్. మన ఆటగాడి తండ్రి పేరూ అదే. పేర్లు కలవడం కాకతాళీయమే కానీ, ఆ సమాజంలోంచి ఒకడు ఇస్లాంలోకి రావడం ఎంత అరుదైన సంగతో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇక ఆట గురించి. రగ్బీలో రెండు రకాలున్నాయి. 1895లో ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో గనుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసే ఆటగాళ్లు, ఆట కోసం మానుకున్న పనికి కూలి ఇప్పించమన్నారు. పెద్దలు కుదరదన్నారు. అక్కడి క్లబ్బులు విడిపోయి పెట్టుకున్నదే తర్వాత 'రగ్బీ లీగ్' అయింది. పాతది 'రగ్బీ యూనియన్'. లీగ్‌లో జట్టుకు పదమూడు మంది. బంతి పట్టుకున్నవాడిని ఎదుటివారు మన కబడ్డీలో కూతకొచ్చినవాడిని పట్టినట్టే పట్టి నేలకు దించుతారు. అలా ఆరుసార్లు దొరికితే బంతి అవతలి జట్టుకు పోతుంది. ఈ ఆటలో ఫార్వర్డ్ అంటే ఎద్దు చాకిరీ చేసేవాడు. బంతిని రొమ్ముకు అదుముకుని, తనంతటి బలవంతులు ముగ్గురు నిలబడ్డ చోటికి తలవంచి దూసుకుపోవాలి. తర్వాత లేచి, అవతలివాడు దూసుకొస్తే తను అడ్డుపడాలి. ఎనభై నిమిషాలపాటు ఇదే పని. ఆరడుగుల నాలుగంగుళాల విలియమ్స్ రెండో వరుస ఫార్వర్డ్. ఇద్దరు పట్టుకుని వేలాడుతున్నా, ఒక చేతిని పైకి లేపి, కింద పడిపోతూనే బంతిని వెనక వచ్చేవాడికి అందించేవాడు. దీన్నే 'ఆఫ్‌లోడ్' అంటారు. అంతకుముందూ ఆ పని చేసినవారున్నారు గాని, ఇంత భారీ మనిషి ఇంత సుతారంగా చేయగలడని ఎవరూ అనుకోలేదు.

బడి పిల్లవాడిగా ఉండగానే సిడ్నీలోని కాంటర్బరీ బుల్‌డాగ్స్ క్లబ్బు కంట్లో పడ్డాడు. 2002లో ఇల్లు వదిలి సిడ్నీ చేరాడు. 2004లో పద్దెనిమిదేళ్లకే లీగ్‌లో తొలి మ్యాచ్, అదే ఏడాది న్యూజీలాండ్ జాతీయ జట్టులో చోటు, అదే ఏడాది ఫైనల్లో సిడ్నీ రూస్టర్స్‌పై 16–13తో గెలుపు. ఏడాది తిరక్కుండానే పేదింటి కుర్రవాడు పోస్టర్ల మీదికెక్కాడు.

బుల్‌డాగ్స్ సొంత మైదానం ఉన్న బెల్‌మోర్ పేట పక్కనే లకెంబా. లెబనాన్ నుంచి వలస వచ్చిన ముస్లింలు స్థిరపడిన ప్రాంతమది, ఆస్ట్రేలియాలోని పెద్ద మసీదుల్లో ఒకటి అక్కడే ఉంది. జట్టులో విలియమ్స్‌తోపాటు ఆడిన హాజిం అల్ మస్రీ లెబనాన్‌లోని ట్రిపోలీలో పుట్టి పదకొండేళ్లకు సిడ్నీ వచ్చినవాడు. మద్యం ముట్టడు. నమాజు మానడు. 1996 నుంచి 2009 దాకా ఒకే క్లబ్బుకు ఆడి, 2,418 పాయింట్లతో ఆనాటికి రికార్డు నెలకొల్పాడు. అలాంటి మనిషితో ఒకే గదిలో బట్టలు మార్చుకుంటూ కూడా యువకుడైన విలియమ్స్ వేరే తోవలో కొట్టుకుపోయాడు. తాగుడు, మాదకద్రవ్యాలు, తెల్లవార్లూ విందులు. ఇవి మనం కట్టిన కథలు కావు. 2021లో నవలాకారుడు అలన్ డఫ్ సాయంతో వెలువరించిన ఆత్మకథలో అతనే దాచకుండా చెప్పుకున్న సంగతులు. బయటికి బండరాయిలా కనిపించినా లోపల సిగ్గూ, తాను దేనికీ చాలననే భయమూ ఉండేవట.

2008 జూలైలో, ఐదేళ్ల ఒప్పందంలో ఏడాదిన్నర కూడా నిండకుండానే, జట్టు సహచరులకు ఒక్క మాట చెప్పకుండా ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. అక్కడి టూలాన్ క్లబ్బుకు యూనియన్ రగ్బీ ఆడేందుకు. బుల్‌డాగ్స్ కోర్టుకెక్కింది. చివరికి ఏడున్నర లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు చెల్లించి బయటపడాల్సి వచ్చింది. ఆ సమయంలో అతనికి అండగా నిలిచినవాడు ఆంథొనీ మండీన్. ఆస్ట్రేలియా ఆదివాసి, రగ్బీ లీగ్ వదిలి బాక్సింగ్‌లో ప్రపంచ టైటిల్ గెలిచినవాడు, 1999లో ఇస్లాం స్వీకరించినవాడు. ఇద్దరికీ మేనేజరు ఖోదర్ నాసర్ కూడా ముస్లిమే.

ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం గురించి మన ధర్మం ఎంత గట్టిగా చెబుతుందో తెలిసిందే. కాబట్టి అతను ముస్లిం అయ్యాడు కదా అని ఈ పనిని కప్పిపుచ్చాల్సిన పని లేదు. తప్పు తప్పే. ఆ తప్పు చేసి చేరిన ఊళ్లోనే అతనికి దారి దొరికిందన్నది కూడా నిజం.

టూలాన్ మధ్యధరా తీరంలోని నౌకాదళ రేవు. ఉత్తర ఆఫ్రికా ముస్లింలు ఎక్కువగా ఉండే ఊరు. అక్కడ ఓ ట్యునీషియా కుటుంబంతో విలియమ్స్‌కు స్నేహమైంది. భార్యాభర్తలు, ఐదుగురు పిల్లలు, ఒకే పడక గది ఉన్న ఇల్లు. తన దగ్గర కీర్తి, కారు, డబ్బు అన్నీ ఉన్నాయి, మనశ్శాంతి లేదు. వాళ్ల దగ్గర ఇవేవీ లేవు, ఇల్లంతా నవ్వులే. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలనిపించిందని తర్వాత ఇంటర్వ్యూలలో చెప్పాడు. ఎవరూ అతనికి వాదించి నచ్చజెప్పలేదు. ఎవరూ పుస్తకం చేతిలో పెట్టి వెంటపడలేదు. అన్నం పెట్టారు, పక్కన కూర్చోబెట్టుకున్నారు. 2009లో షహాదా పలికాడు.

ఆ తర్వాత ఆటలో అతని ఎదుగుదల రగ్బీ చరిత్రలోనే అరుదైనది. ఫ్రాన్స్‌లో ఉంటే దొరికే పెద్ద మొత్తాన్ని కాదనుకుని 2010లో స్వదేశం వచ్చాడు. ప్రఖ్యాత 'ఆల్ బ్లాక్స్' జట్టులో స్థానం సంపాదించాడు. లీగ్‌లో ఫార్వర్డ్ అయినవాడు ఇక్కడ వెనక వరుసలో సెంటర్‌గా ఆడాడు. 2011లో ప్రపంచకప్, ఫైనల్లో ఫ్రాన్స్‌పై 8–7. 2012లో చీఫ్స్ జట్టుతో సూపర్ రగ్బీ టైటిల్. ఖాళీ దొరికినప్పుడు బాక్సింగ్, అందులోనూ 2012లో న్యూజీలాండ్ హెవీవెయిట్ టైటిల్. కొంతకాలం జపాన్.

2013లో మళ్లీ లీగ్‌కు వచ్చాడు. ఏ సిడ్నీ రూస్టర్స్‌ను కుర్రతనంలో ఓడించాడో అదే క్లబ్బుకు ఆడి, మాన్లీపై 26–18తో టైటిల్ గెలిపించాడు. ఆ ఏడాది అంతర్జాతీయ ఉత్తమ లీగ్ ఆటగాడిగా ఎన్నికయ్యాడు. ఐదేళ్ల క్రితం తిట్టిపోసిన నగరమే మళ్లీ చప్పట్లు కొట్టింది. అంతా మెప్పే అనుకోవద్దు. ఆ ఏడాది చివర జరిగిన లీగ్ ప్రపంచకప్‌కు మొదట రానన్నాడు. జట్టును ప్రకటించేవేళ వస్తానన్నాడు. అతనికి చోటిచ్చేందుకు తోహు హారిస్ అనే యువ ఆటగాడిని తప్పించారు. న్యూజీలాండ్ ఫైనల్ చేరి ఆస్ట్రేలియా చేతిలో 34–2తో చిత్తుగా ఓడింది. ఇస్లాం స్వీకరించినంత మాత్రాన మనిషి ఒక్క రాత్రిలో నిలకడ నేర్చుకోడని ఈ సంఘటన చెబుతుంది. ఎప్పుడూ ఎక్కడో ఒకచోటికి బయలుదేరే స్వభావం అతనిది. మారడానికి ఏళ్లు పట్టింది.

కొంత మార్పు జనం కళ్లారా చూసింది 2015 అక్టోబరు 31న, లండన్‌లో. ఆల్ బ్లాక్స్ ఆస్ట్రేలియాను 34–17తో ఓడించి మళ్లీ ప్రపంచకప్ గెలిచారు. ఆటగాళ్లు మైదానం చుట్టూ తిరిగి అభివాదం చేస్తుండగా పద్నాలుగేళ్ల బాలుడొకడు గట్టు దూకి విలియమ్స్ వైపు పరుగెత్తాడు. సెక్యూరిటీ గార్డు వెంటపడి వాడిని నేలకేసి పడగొట్టాడు. విలియమ్స్ వెళ్లి వాడిని లేవదీసి, భుజం మీద చెయ్యి వేసి తల్లిదండ్రుల దగ్గరికి నడిపించాడు. తన మెడలోని బంగారు పతకం తీసి వాడి మెడలో వేశాడు. తన ఇంట్లో గోడకు వేలాడేకంటే ఆ పిల్లవాడి మెడలో ఉంటేనే బాగుంటుందన్నాడు. మర్నాడు నిర్వాహకులు ఇంకో పతకం ఇచ్చారు, అది వేరే సంగతి. ఇస్తున్నప్పుడు అతనికి తెలియదు కదా! ఆ డిసెంబరులో యూనిసెఫ్ తరఫున లెబనాన్ వెళ్లి బెకా లోయలో సిరియా శరణార్థుల శిబిరాలు చూసొచ్చాడు.

ఇప్పుడు మళ్లీ ఆ కాలరు దగ్గరికి వద్దాం.

టేపు అంటించిన సంగతి బయటికి రాగానే ప్రశ్నలు మొదలయ్యాయి. వాటిలో ఒకటి పదునైనది. ఆల్ బ్లాక్స్ చొక్కా రొమ్ము మీద ఏఐజీ అనే అమెరికా బీమా కంపెనీ పేరు ఉండేది. ఆ చొక్కా తొడుక్కుని ఆడినవాడికి కాలరు మీది బ్యాంకు మాత్రమే అడ్డొచ్చిందా అని విమర్శకులు అడిగారు. జీతం ఎక్కడినుంచి వస్తోంది, బ్యాంకుల డబ్బులోంచి కాదా అని ఇంకొందరు. ఈ ప్రశ్నలను కొట్టిపారేయలేం. దివ్యఖుర్‌ఆన్ అల్ బఖరా సూరాలో వడ్డీని నిషేధించింది. హదీసుల ప్రకారం తీసుకునేవాడే కాదు, ఇచ్చేవాడూ, పత్రం రాసేవాడూ, సాక్షులూ పాపంలో భాగస్తులే. మరి పేరును చొక్కా మీద మోసేవాడి సంగతేమిటి? ఇది పండితులు తేల్చాల్సిన మసలా. విలియమ్స్ మనస్సాక్షి మాత్రం కుదరదంది.

అతను ఇచ్చిన ప్రకటనలో పాండిత్య ప్రదర్శన ఏమీ లేదు. ధర్మాన్ని నేర్చుకునేకొద్దీ, ఇదివరకు చేసిన పనులు ఇప్పుడు చేయడానికి మనసొప్పడం లేదన్నాడు. ఆ బ్యాంకు మీద తనకు వ్యక్తిగత వైరమేమీ లేదని, బ్యాంకులు, మద్యం, జూదం సంస్థల ప్రచారానికే తన అభ్యంతరమని చెప్పాడు. విమర్శకుల ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. నిన్న చేశాను కాబట్టి నేడూ చేయాలనీ, అన్నీ వదలలేను కాబట్టి ఒక్కటీ వదలకూడదనీ ఎవరన్నారు? బ్యాంకు ఖాతాలో జమ అయిన వడ్డీ రూపాయలను ఏం చేయాలో తెలియక మౌల్వీ సాబును అడగబోయి, తీరా ఆయన ముందుకొచ్చాక ఏదో వేరే మాట మాట్లాడి వెనక్కొచ్చిన వాళ్లు మనలో లేరా? జీవితంలో ఎన్ని ముడులు పడి ఉన్నాయో మనకు తెలుసు. ఏదో ఒక కొస పట్టుకుని లాగడం మొదలుపెట్టాలి. అతను కాలరు పట్టుకున్నాడు.

ఈసారి 2008లోలా పారిపోలేదు. కూర్చుని మాట్లాడాడు. మనస్సాక్షి కారణంగా అభ్యంతరం తెలిపే వీలు ఆటగాళ్ల ఒప్పందంలోనే ఉంది. కొద్దిరోజుల్లోనే న్యూజీలాండ్ రగ్బీ సంస్థ అతని మాట మన్నించింది. బ్యాంకు కూడా పంతానికి పోలేదు. ఆ తర్వాత బ్యాంకు పేరు లేని కాలరుతోనే ఆడాడు. నిజానికి ఈ కథలో ఆ దేశపు పెద్దమనిషి తనాన్నీ మెచ్చుకోవాలి. పత్రికల్లో ఎగతాళి జరిగింది గాని, అతని జీవనోపాధికి ఎవరూ అడ్డు తగల్లేదు.

అదే ఏడాది జూలై 1న వెల్లింగ్టన్‌లో బ్రిటిష్ ఐరిష్ లయన్స్ జట్టుతో టెస్టు. ప్రత్యర్థి తలకు భుజం తగిలేలా గుద్ది రెడ్ కార్డుతో బయటికి పోయాడు. ఆల్ బ్లాక్స్ ఆటగాడికి అలా జరగడం 1967 తర్వాత అదే మొదలు. జట్టు 24–21తో ఓడింది. తప్పు ఒప్పుకుని నాలుగు వారాల నిషేధం అనుభవించాడు. మరుసటి ఏడాది జనవరిలో ఉమ్రా చేసి, మక్కా మదీనాలు దర్శించి వచ్చాడు.

2019 మార్చి 15, శుక్రవారం. క్రైస్ట్‌చర్చ్ నగరంలో జుమా నమాజుకు వచ్చినవారిపై ఒక ముష్కరుడు రెండు మసీదుల్లో కాల్పులు జరిపి 51 మందిని బలిగొన్నాడు. 2011లో క్రూసేడర్స్ జట్టుకు ఆడినప్పుడు విలియమ్స్ ఉన్న ఊరు అదే. వార్త తెలియగానే కారులో కూర్చుని ఓ వీడియో సందేశం పెట్టాడు. మాట పెగల్లేదు. ప్రపంచమంతా బండరాయి అనుకున్న మనిషి కళ్లు తుడుచుకుంటూ చనిపోయినవారి కోసం దుఆ చేశాడు. తర్వాత ఆ ఊరు వెళ్లి గాయపడినవారినీ, ఆప్తులను పోగొట్టుకున్నవారినీ కలిశాడు. అతనితో ఆల్ బ్లాక్స్ సహచరుడు ఓఫా తుంగఫాసీ కూడా వెళ్లాడు. తోంగా దీవుల్లో పుట్టిన ఓఫా కూడా ఫార్వర్డే.

ఆ రోజుల్లోనే ఓఫా ఇస్లాం స్వీకరించాడు. ఇంకొకరు కూడా షహాదా పలికారు. ఆమె విలియమ్స్ తల్లి లీ. మసీదుకు వెళ్లినందుకు మనుషులు చనిపోయిన దేశంలో, ఆ వారాల్లోనే ఆమె ముస్లిం అయ్యారు.

ఆ ఏడాది ప్రపంచకప్‌లో మూడో స్థానంతో ఆల్ బ్లాక్స్ తరఫున అతని ఆట 58 టెస్టుల దగ్గర ముగిసింది. తర్వాత కెనడాలోని టొరంటో క్లబ్బుకు లీగ్ ఆడబోతే కోవిడ్ వచ్చి ఆ క్లబ్బు 2020లో పోటీనుంచే తప్పుకుంది. మళ్లీ సిడ్నీ రూస్టర్స్‌కు కొద్ది మ్యాచ్‌లు ఆడి, 2021 మార్చిలో రగ్బీకి వీడ్కోలు చెప్పాడు. తల్లి షహాదా పలికేనాటికి కొడుకు ముస్లిం అయి పదేళ్లు. ఆ పదేళ్లూ ఆమె అతని తాగుడు మానడాన్నీ, గాయాలనూ, తొందరపాట్లనూ, కాలరు మీది టేపునూ చూస్తూనే ఉన్నారు.